అడ్వైస్ అంకుల్

మా ఆయనకి ఇంగ్లీషు రాదని మొట్టమొదట కనిపెట్టింది మా అమ్మాయి. అప్పటిదాకా వచ్చనే అనుకునేవాళ్లం, ఆయనా, నేనూ, మా వీధి ప్రేమ్ బజారంతానూ. పెళ్లయి కాపరానికి వచ్చిన కొత్తలో, కౌంటరు అవతల నిలబడ్డ కుర్రాళ్లతో ఆయన గడగడా మాట్లాడేస్తుంటే, నేను లోపల కాగితాలు సర్దుకుంటూ, మా నాన్న నాకు ఎంత చదువుకున్నవాణ్ణి చూశాడో అని మురిసిపోయేదాన్ని. ఆయన చదివింది పదో తరగతి, అదీ తెలుగు మీడియంలో. ఆ సంగతి తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది. తెలిశాక కూడా మురిపెం తగ్గలేదు, అది వేరే విషయం.

మాది ఈ బెంగాలీ ఊళ్లో, పెద్ద ఇంజినీరింగు కాలేజీ క్యాంపస్ గేటు దగ్గర జిరాక్సు, బైండింగు షాపు. ముందు షాపు, వెనక మేము, పైన చదువుకునే పిల్లలకి అద్దెకిచ్చే గదులు. మా మామగారు సోంపేట వైపు నుంచి వచ్చి ఇక్కడి గోల్ బజార్లో కొట్టు పెట్టుకుంటే, ఈశ్వరరావుగారు, అంటే మా ఆయన, తండ్రితో పేచీ పడి ఇటొచ్చి జిరాక్సు మిషను పెట్టుకున్నారు. నేను ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీ పిల్లని. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. బెంగాలీ, హిందీ నాకు వీధిలో ఆడుకుంటుంటేనే వచ్చేశాయి. ఇంగ్లీషు మాట్లాడే గార్డుల ఇళ్లు మాత్రం వేరే వీధిలో ఉండేవి, అందుకని అది రాలేదు. చంద్రావతి అని సంతకం మాత్రం ఇంగ్లీషులో పెడతాను, బొమ్మ గీసినట్టు.

పిల్లలు ఆయన్ని అడ్వైస్ అంకుల్ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. థీసిస్ బైండు చేయించుకోవడానికి వచ్చిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ, పుస్తకం రెండు చేతులతో అందిస్తూ, "ఐ గివ్ ఎ అడ్వైస్" అని మొదలుపెట్టేవారు. రోజూ మ్యాగీ తినొద్దనీ, అమ్మకి ఫోన్ చెయ్యమనీ, వర్షంలో సైకిలు మీద పుస్తకం పట్టుకెళ్లొద్దనీ. అందులో గొప్ప విషయాలేం ఉండేవి కావు. కానీ ఒక్క పని మాత్రం ఆయన చేసేది ఈ బజార్లో ఇంకెవరూ చెయ్యరు.

గైడు తిప్పి పంపేసిన థీసిస్ పట్టుకుని స్పైరల్ తీసేయమని వచ్చేవాళ్లుంటారు. కొత్త పేజీలు కలుపుకోవడానికైతే సరే, తీసి ఇచ్చేస్తారు. కొందరు మాత్రం, తీసేసి కాగితాలు చిత్తుకాగితాల్లో వేసేయండంకుల్ అంటారు. అలా అన్నవాళ్లకి ఆయన చచ్చినా తీయరు. ముందు స్టూలు లాగి కూర్చోబెడతారు. పక్క కొట్లోంచి టీ తెప్పిస్తారు. "ఐ గివ్ ఎ అడ్వైస్. టుడే నో డెసిషన్. టుడే ఈట్ ఎ రైస్, టేక్ ఎ స్లీప్. టుమారో కమ్, ఐ రిమూవ్" అంటారు. పుస్తకం తీసుకెళ్లి వినాయకుడి పటం పక్కన అరమీద పెట్టేస్తారు. మర్నాడు వాళ్లు రారు. ఎప్పుడో వచ్చి, తలొంచుకుని, అంకుల్ నా పుస్తకం ఉందా అని అడిగి పట్టుకుపోతారు. ఆ ఇంగ్లీషు వింటుంటే ఏడుపు మొహాలు కూడా విప్పారడం నేను కళ్లారా చూశాను. అదంతా ఆయన తెలివితేటల మహిమ అనుకున్నాను.

మా అమ్మాయి వినీత ఇంగ్లీషులో ఎమ్మే చేసి, ఈ ఏడే ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేరింది. ఏడాది తిరిగితేగాని ఉద్యోగం ఖాయం చెయ్యరు. అందుకని పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని, కత్తి మీద నడుస్తున్నట్టు నడిచి వెళ్లేది. ఒకరోజు సాయంత్రం ఇంటికొచ్చి, బ్యాగు బల్ల మీద పడేసి, చెప్పులైనా విప్పకుండా కూర్చుండిపోయింది.

సరిగ్గా అప్పుడే మా ఆయన సెల్‌ఫోన్ పట్టుకుని లోపలికి వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"అమ్మా, ఇది సూసినావేటి? మన షాపుకొచ్చే కుర్రోడు నా వీడియో తీసి పెట్టినాడట. ఎంతమంది సూసినారో సూడు! అస్సాం నుంచి కూడా ఎవుడో రాసినాడు."

వీడియోలో ఆయనే. కళ్లద్దాలు ముక్కు మీదకి జారి, చేతిలో బైండు పుస్తకం. "డోంట్ ఈట్ ఎ మ్యాగీ డైలీ. ఈట్ ఎ రైస్. డ్రింక్ ఎ వాటర్. దిస్ ఈజ్ ఎ అడ్వైస్." కింద బోలెడు పసుపు రంగు మొహాలు, నవ్వుతూ, కళ్లలోంచి నీళ్లు కారుస్తూ. నాకూ బాగుందనిపించింది.

"నాన్నా," అంది వినీత. "వాళ్లు మెచ్చుకోవట్లేదు. నవ్వుతున్నారు."

"నవ్వితే మంచిదే గదమ్మా."

"నిన్ను చూసి నవ్వుతున్నారు. నీ ఇంగ్లీషు చూసి. ఈవేళ నేను క్లాసులోకి వెళ్లేసరికి బోర్డు మీద రాసుంది, టేక్ ఎ అడ్వైస్ మిస్, అని. క్లాసంతా ఒకటే నవ్వు. స్టాఫ్ రూములో పెద్ద మేడమ్, మీ నాన్నగారు బాగా ఫేమస్ అయ్యారే అంది. పక్కనున్న ఆవిడ మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది."

ఆయన ఫోను వంక ఇంకోసారి చూశారు. పొద్దుట్నుంచీ తాను మురిసిపోతూ చూసిన వీడియో అదేనా అన్నట్టు చూశారు. తరవాత ఫోను జేబులో పెట్టేసుకున్నారు.

"తప్పేటమ్మా అందులో?" అన్నారు మెల్లగా.

వినీత లేచి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. దాన్ని నేను తప్పుపట్టను. కోపంగా చెప్పలేదు. చిన్నప్పుడు ఆయన దానికి బూట్ల తాళ్లు కట్టడం నేర్పినంత ఓపికగా చెప్పింది.

"అడ్వైస్ ముందు 'ఎ' రాదు నాన్నా. లెక్కపెట్టలేని వాటి ముందు 'ఎ' పెట్టకూడదు."

"నాను ఇస్తన్నది ఒకటే సలహా గదా. ఒకటని తెల్సినాక లెక్కెట్టలేకపోడమేటి?"

"తెలుగులో ఒక సలహా అంటాం. ఇంగ్లీషులో అనరు. సమ్ అడ్వైస్ అనాలి. లేదంటే ఎ పీస్ ఆఫ్ అడ్వైస్."

"పీసంటే ముక్క గదా. సలహాని ముక్కలు కోసి ఇవ్వాలేటి?"

నేను పకపకా నవ్వేశాను. వాళ్లిద్దరూ నవ్వలేదు.

ఆ రోజునుంచి భోజనాలయ్యాక పాఠం. రైస్ ముందు 'ఎ' వద్దు. వాటర్ ముందు వద్దు. బ్రెడ్, లగేజ్, ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్, వర్క్, వేటి ముందూ వద్దు. ఆయన బుద్ధిగా కూర్చుని తలూపేవారు. ఒకరోజు మాత్రం ఉత్సాహంగా, అయితే కాఫీకి కూడా వద్దన్నమాట అన్నారు. వినీత కాస్త నసిగింది.

"హోటల్లో ఆర్డరిచ్చేటప్పుడు ఎ కాఫీ అనొచ్చు నాన్నా. ఒక కప్పు అని అర్థం."

"మరి నాలెడ్జికి?"

"నాలెడ్జికి రాదు. కానీ ఎ గుడ్ నాలెడ్జ్ ఆఫ్ తెలుగు అనొచ్చు."

"హెల్పుకి?"

"రాదు. కానీ యు ఆర్ ఎ గ్రేట్ హెల్ప్ అంటారు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అయితే ఎక్కడ పెట్టాలో ఎక్కడ పెట్టకూడదో ఆళ్లకి మాత్రం ఎలాగ తెలుస్తాదమ్మా?"

"అలవాటు నాన్నా. మాట్లాడేముందు ఒక్క క్షణం ఆగి ఆలోచించు. వాక్యం మొత్తం మనసులో కట్టుకుని అప్పుడు పలుకు. తప్పు రాదు."

అదుగో, ఆ ఒక్క క్షణమే మా కొంప ముంచింది.

ఆయన ఆగడం మొదలుపెట్టారు. ఎవరో కుర్రాడు వచ్చి కౌంటరు మీద తట్టి, అంకుల్, టుడేస్ అడ్వైస్ అనేవాడు. ఆయన నోరు తెరిచేవారు. చెప్పులు విప్పి లోపలికి రావాలో వద్దో తెలియక గుమ్మంలో నిలబడ్డ కొత్త చుట్టంలా ఆ మాట పెదాల దగ్గరే నిలబడిపోయేది. కుర్రాడికి క్లాసుకి టైమైపోయేది. ఆయన నవ్వేసి, "నథింగ్, నథింగ్" అనేవారు. తరవాత తరవాత ఆ నథింగ్ కూడా పోయింది. ఎన్ని కాపీలు అని వేలు చూపించి అడగడం, పని చేసి ఇచ్చెయ్యడం. షాపులో మిషను చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. అది నాకు భరించరానిదిగా ఉండేది. నా సంసారమంతా ఆయన వాగుడు మధ్యలోనే గడిచింది మరి.

ఆఖరికి ఆ ఆగడం తెలుగులోకి కూడా పాకింది. "చారు... చారు బాగుంది" అనేవారు, మధ్యలో ఏదో వెతుక్కున్నట్టు.

ఒకనాడు ఉండబట్టలేక వినీతని వంటింట్లోకి లాగి అడిగేశాను.

"మీ నాన్న నోరు నొక్కీసినావు గదే."

"నేను సరిగ్గా మాట్లాడమన్నానమ్మా. మాట్లాడొద్దనలేదు."

"రెండూ ఒకటే అయిపోనాయి ఆ మనిషికి. ఆ స్కూలు మేడమ్ పక్కున నవ్వితే నీకేటి నష్టం?"

"నా ఉద్యోగం గురించి అనుకుంటున్నావా?" అంది. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాన్నని చూసి ఊరంతా నవ్వుతుంటే నేను చూడలేనమ్మా. ఆ ఏడో క్లాసు పిల్లలకి నాన్నెవరో తెలుసా? ఎన్నిసార్లు ఎవరెవర్ని కూర్చోబెట్టి టీ తాగించాడో తెలుసా? వాళ్లకి తెలిసింది ఆ 'ఎ' ఒక్కటే."

ఇద్దరిమీదా కోపం వస్తోంది, ఇద్దరూ నావాళ్లే. గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తూ తోముకున్నాను.

మా పైగదిలో ఇందు అని ఒక తమిళ పిల్ల ఉండేది. మధురై దగ్గర పల్లెటూరు. ఏళ్ల తరబడి ఏదో పరిశోధన చేస్తూ ఉంది, ఆఖరి ఏడాది అని చెప్పేవారు ఆయన. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ జుట్టు తడిగానే జడ వేసుకుని దిగేది. హిందీ రాదు, బెంగాలీ రాదు. నాకు ఇంగ్లీషు రాదు. నేను "సాప్టియా", అంటే తిన్నావా, అని అడిగేదాన్ని, ఆ ఒక్క తమిళ ముక్క దాని దగ్గరే నేర్చుకున్నాను. అది తల అడ్డంగా ఊపితే పెరుగన్నం కలిపి ఇచ్చేదాన్ని. సైగలతో అన్నం పెట్టొచ్చు, తలకి నూనె రాయొచ్చు, తడి బట్టలు దండెం మీంచి తీసి ఇవ్వొచ్చు. అంతకు మించి సైగలతో కుదరదు. మిగతాదంతా ఆ పిల్ల మా ఆయనతో చెప్పుకునేది. సాయంత్రం ల్యాబునుంచి రాగానే షాపులో స్టూలు మీద కూర్చుని, ఆయన ఇంగ్లీషుకి కిలకిలా నవ్వుతూ, ఏదేదో చెబుతూ ఉండేది. ఆయనా మిషను తిప్పుతూ చెబుతుండేవారు. ఏమంటోందండీ అని నేనడిగితే, "గైడు సతాయిస్తన్నాడట," అనేవారు, లేకపోతే, "తమ్ముడికి పరీక్షలట."

ఆయన మాట పడిపోయాక కూడా ఆ పిల్ల కొన్నాళ్లు వచ్చి కూర్చుంది. "అంకుల్, వాట్ హాపెన్డ్?" అని అడిగేది. "ఫైన్, ఫైన్," అనేవారాయన. కొన్నాళ్లకి స్టూలు ఖాళీగా ఉండసాగింది. ఇందు నేరుగా మేడ మెట్లెక్కి పోయేది. సాప్టియా అంటే ప్రతిసారీ తల నిలువుగా ఊపడం మొదలెట్టింది. తినలేదని నాకు తెలుస్తూనే ఉంది.

మొన్న శనివారం మధ్యాహ్నం నేను షాపులోనే ఉన్నాను, కాగితాల కట్టలు విప్పుతూ. ఇందు వచ్చింది. చేతిలో లావుపాటి స్పైరల్ పుస్తకం. అది మా షాపులో చేసిందే, నీలం అట్ట కూడా నేనే తీసిచ్చాను. పేజీల అంచుల్లోంచి ఎర్ర సిరా గీతలు కనిపిస్తున్నాయి. కౌంటరు మీద పెట్టి ఏదో అంది. అందులో 'వేస్ట్' అన్న మాట నాకు అందింది.

నా గుండె కుదుటపడింది. నిజంగానే కుదుటపడింది, ఎందుకంటే ఇలాంటప్పుడు ఆయన ఏం చేస్తారో నాకు తెలుసు. ఈ పిల్ల కోసమైనా ఆయన నోరు విప్పుతారనుకున్నాను.

ఆయన స్టూలు లాగారు. ఇందు కూర్చుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఆయన మొహంలోకి చూసింది.

"ఇందూ," అన్నారు. "ఐ గివ్..."

ఆగిపోయారు.

పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. ఆయన కళ్లు పైకి, గోడమీదకి, ఎక్కడెక్కడికో పోతున్నాయి. ఒక మాట పెట్టి చూసుకుని, తీసేసి, ఇంకోటి పెట్టి చూసుకుంటున్నారని నాకు అర్థమైంది. ఆ పిల్ల కదలకుండా చూస్తోంది. ఆ చూపు నేను మరిచిపోలేను. టీ గురించి కూడా ఆయనకి గుర్తు రాలేదు. ఈలోగా ఇద్దరు కుర్రాళ్లు వచ్చి, దాదా, జల్దీ, ఆధార్ కార్డు జిరాక్సు అన్నారు.

ఆయన తల వంచుకున్నారు. సొరుగులోంచి పటకారు తీశారు. స్పైరల్ చివర వంపు తుంచి, తీగ పట్టుకుని తిప్పడం మొదలుపెట్టారు. తీగ చుట్టలు చుట్టలుగా తిరుగుతూ బయటికొచ్చేసింది. కాగితాలు విడివిడిగా కౌంటరు మీద జారాయి. ఇందు వాటివైపు ఒకసారి చూసి, "థాంక్యూ అంకుల్," అని లేచి వెళ్లిపోయింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కుర్రాళ్లు వెళ్లేదాకా పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను.

"అదేటండీ, తీసీసినారు?"

"అడిగినాది. తీసినాను."

"అడిగినోళ్లందరికీ తీసినారేటి ఇన్నేళ్లూ?"

"సెప్దామనే అనుకున్నాను చంద్రా." ఆయన చేతిలో ఆ తీగ అలాగే ఉంది. "మాట ముందు ఏటి పెట్టాలో తేల్లేదు. తేలేలోపల ఆళ్లొచ్చీసినారు."

ఏడవాలో తిట్టాలో తెలియలేదు. కాగితాలన్నీ ఏరి, వరస తప్పకుండా సర్ది, వినాయకుడి పటం పక్కన అరమీద నేనే పెట్టాను.

సాయంత్రం కాబోతుండగా ఇందు చక్రాల పెట్టె దించుకుని కిందికొచ్చింది. గది తాళంచెవి నా చేతిలో పెట్టింది. "హోమ్, ఆంటీ," అంది. హోమ్ అంటే నాకు తెలుసు. సెలవులేమో అనుకున్నాను. సాప్టియా అన్నాను. నా చెయ్యి పట్టుకుంది, వదల్లేదు. ఏమైందమ్మా అని తెలుగులో అడిగాను, బెంగాలీలో అడిగాను, హిందీలో అడిగాను. అది తమిళంలో ఏదో గబగబా చెప్పింది. ఇద్దరం అలా ఎవరి భాషలో వాళ్లం మాట్లాడుకుని ఊరుకున్నాం. టోటో, అదే బ్యాటరీ ఆటో, వచ్చింది, పెట్టె ఎక్కించుకుని వెళ్లిపోయింది. ఆయన ఆ టైములో కాగితాల కోసం గోల్ బజారు వెళ్లారు.

గది ఊడుద్దామని పైకి వెళ్లాను. కుక్కరు ఉంది, బకెట్టు ఉంది, కంబళి మడతపెట్టి ఉంది, పుస్తకాలన్నీ తాడుతో కట్టి గోడవార పెట్టి ఉన్నాయి. సెలవులకి వెళ్లేవాళ్లు పుస్తకాలు కట్టలు కట్టరు. అప్పుడే స్కూలునుంచి వచ్చిన వినీతని కేకేశాను. అది గుమ్మంలోంచే చూసి, "అమ్మా, ఇది సెలవుకి వెళ్లడం కాదు," అంది. "చదువు వదిలేసి వెళ్లిపోతోంది." ఫోను చేసింది. మోగుతోందిగాని ఎత్తలేదు.

మద్రాసు వెళ్లే బండికి ఇంకా టైముంది. మా ఆయన సైకిలు దిగుతుంటేనే ఆపి, ముగ్గురం టోటో ఎక్కాం. దారిలో జరిగిందంతా వినీతకి నేనే చెప్పాను, స్పైరల్ సంగతితో సహా. అది తండ్రి మోకాలు మీద చెయ్యి వేసి, బయటికి చూస్తూ కూర్చుంది.

"ఆ పిల్ల మీ మాటే ఇంటాదండీ," అన్నాను. "ఏది తోస్తే అది సెప్పండి. ఆలోసించకండి."

ఆయన తలూపారు. పెదాలు కదుపుతున్నారు. దేవుణ్ణి తలుచుకుంటున్నారేమో అనుకున్నాను. కాదు. వాక్యం కట్టుకుంటున్నారు.

ప్లాట్‌ఫారమ్ మీద జనంలో ఇందుని వెతకడానికి కాస్త సేపు పట్టింది. నీళ్ల కుళాయిల దగ్గర పెట్టె మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. మొహంలో ఒక్కసారిగా వెలుగొచ్చింది. ఆ వెలుగు నా వైపు చూసి వచ్చింది కాదు, వినీతని చూసీ కాదు. ఆయన్ని చూసి. ఎప్పుడూ షాపులో స్టూలు మీద కూర్చుని చూసినట్టే చూసింది.

నేను ఆయన్ని వెనకనుంచి ముందుకి తోశాను.

ఆయన చొక్కా సర్దుకున్నారు. ఒకసారి పక్కకి తిరిగి వినీత వైపు చూశారు. గొంతు సవరించుకున్నారు. అప్పుడు, ఎక్కడా తడబడకుండా, ఒక్కో మాటా విడివిడిగా పలికారు.

"ఇందూ, ఐ వుడ్ లైక్ టు గివ్ యు సమ్ అడ్వైస్. ప్లీజ్ డు నాట్ డిస్‌కంటిన్యూ యువర్ స్టడీస్. ఎడ్యుకేషన్ ఈజ్ వెరీ ఇంపార్టెంట్ ఇన్ లైఫ్."

నాకు మాటలు అర్థం కాకపోయినా ఆ గొంతు అర్థమైంది. అది మా ఆయన గొంతు కాదు. పైన మైకులో బండ్ల రాకపోకలు చెప్పే గొంతుకీ దీనికీ తేడా లేదు.

ఇందు ఎదురుచూసింది. ఇంకా ఏదో ఉందనుకుంది, అసలుది ఇంకా రాలేదనుకుంది. ఆయన చెప్పాల్సింది చెప్పేసి నిలబడ్డారు. కాసేపటికి ఆ పిల్ల మొహంలో వెలుగు మెల్లగా తగ్గిపోయింది. పెద్దవాళ్లు మర్యాదకి ఏదైనా చెబితే నవ్వుతామే, అలా నవ్వింది.

"థాంక్యూ సర్," అంది.

అంకుల్ అనలేదు. అది నాకు కూడా తెలిసింది.

వినీత ముందుకు దూకి ఇందు భుజాలు పట్టుకుంది. తన మంచి ఇంగ్లీషులో వేగంగా ఏమేమో చెప్పింది. ఇందు అన్నిటికీ తలూపింది, నిలువుగా, నేను అన్నం తిన్నావా అంటే ఊపినట్టే. బండి వస్తోందని మూడు భాషల్లో చెప్పారు. జనం కదిలారు. వినీత వెనక్కి తిరిగి తండ్రి చొక్కా పట్టుకుని లాగింది.

"నాన్నా, అలా కాదు. షాపులో చెప్పేవాడివే, అలా చెప్పు. నీలాగే చెప్పు నాన్నా."

ఆయన అయోమయంగా దాని మొహంలోకి చూశారు. నోరు తెరిచారు. మాట రాలేదు. నేను ఆ పిల్లని రెండు చేతులతో పట్టుకుని తెలుగులోనే, "ఎల్లకమ్మా, మా ఇంట్లో ఉండిపో," అన్నాను. అది నా బుగ్గ మీద చెయ్యి వేసి, పెట్టె లాక్కుంటూ బోగీ వైపు నడిచింది. ఎవరో పెట్టె ఎక్కించారు. కిటికీలో ఎక్కడా కనిపించలేదు. మేం బోగీ పక్కనే నడుస్తూ ప్రతి కిటికీలోకీ చూశాం, బండి మా నడకని దాటి వెళ్లిపోయేదాకా.

ప్లాట్‌ఫారమ్ పలచబడింది. ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. చాలా కష్టమైన పని ఏదో పూర్తి చేసినవాళ్లలా ఉన్నారు. ఆయన వినీత పక్కకి వచ్చి నిలబడి, చిన్న గొంతుతో, పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా అడిగారు.

"తప్పేటీ రాలేదు గదమ్మా?"

వినీత నా భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. ఆయన మాత్రం జవాబు కోసం దాని వంక చూస్తూనే ఉన్నారు.